స్టీలు కట్టడాల ఫైర్ పెయింట్‌లో నానో పొడి: ఏది, ఎంత, ఎలా కలపాలి

"నానో టెక్నాలజీ ఫైర్ పెయింట్, రెండు గంటలు గ్యారంటీ" అని డబ్బాల మీద రాసేవాళ్లు ఈమధ్య బాగా పెరిగారు. ఏ నానో, ఎంత శాతం, ఏ సైజు స్టీలు సెక్షన్ (బీమ్ లేదా కాలమ్) మీద రెండు గంటలు అని అడిగి చూడండి, చాలాచోట్ల సమాధానం రాదు. చిన్న పెయింట్ ఫ్యాక్టరీలో ఫార్ములేషన్ చూసుకునేవాళ్లకీ, ఎంటెక్ ప్రాజెక్టుగా దీన్ని తీసుకున్నవాళ్లకీ పనికొచ్చేలా మొదటి నుంచి చివరిదాకా వరసగా రాస్తున్నా. సైట్ ఇంజనీర్లు మొదటి అడుగు, చివరి రెండు అడుగులు చదివితే సరిపోతుంది.

ఇక్కడ ఫైర్ పెయింట్ అంటే మంట తగిలితే పొంగి, బొగ్గు నురుగై స్టీలు వేడెక్కడాన్ని ఆలస్యం చేసేది; నానో పొడి అంటే కనీసం ఒక కొలతైనా వంద నానోమీటర్ల లోపు ఉండే పొడి. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. నానో పొడి పెయింట్‌ను ఎక్కువ పొంగించదు, చాలాసార్లు కాస్త తక్కువే పొంగనిస్తుంది. దాని అసలు పని, పొంగిన బొగ్గు నురుగు 600 డిగ్రీలు దాటాక కాలి రాలిపోకుండా నిలబెట్టడం. డోసు ఎంత, పరీక్షలో ఏం చూడాలి, ఏ పొడి కొనాలి అన్నవన్నీ దీన్నిబట్టే తేలతాయి.

మొదటి అడుగు: మీ స్టీలుకు ఎంత రక్షణ కావాలో లెక్క వేయండి

పెయింట్ గురించి ఆలోచించేముందు స్టీలు ఏ వేడి దగ్గర చేతులెత్తేస్తుందో తెలియాలి. స్టీలు కట్టడాల డిజైన్‌కు భారత ప్రమాణమైన ఐఎస్ 800:2007లో 16వ అధ్యాయం మొత్తం ఇదే. అందులో సూత్రం చాలా సులువు: పరిమితి ఉష్ణోగ్రత = 905 − 690 × లోడు నిష్పత్తి. లోడు నిష్పత్తి అంటే అగ్నిప్రమాదం సమయంలో ఆ బీమ్ మీదో కాలమ్ మీదో ఉండే భారాన్ని, మామూలు వేడిలో అది మోయగల భారంతో భాగిస్తే వచ్చేది. నిష్పత్తి 0.5 అయితే 560 డిగ్రీలు, 0.7 అయితే 422 డిగ్రీలే. అందరూ కళ్లు మూసుకుని వాడే 550 అనే అంకె ఎప్పుడూ సరిపోదని దీన్నిబట్టే తెలుస్తుంది.

ఆ వేడికి చేరడానికి ఎంతసేపు పడుతుందన్నది సెక్షన్ మందం మీద ఆధారపడుతుంది. ఐఎస్ఎంబీ 300ను, అంటే 300 మిల్లీమీటర్ల లోతున్న ఐ ఆకారపు సెక్షన్‌ను, కాలమ్‌గా నిలబెట్టి నాలుగు వైపులా మంట తగిలిందనుకోండి. మీటరుకు బరువు 44 కిలోల చిల్లర, చుట్టుకొలత దాదాపు 1.14 మీటర్లు, అంటే టన్నుకు సుమారు 26 చదరపు మీటర్ల ఉపరితలం; పెయింట్ కంపెనీల పట్టికల్లో ఉండే హెచ్‌పీ/ఏ (మంట తగిలే చుట్టుకొలతను అడ్డకోత వైశాల్యంతో భాగిస్తే వచ్చేది) లెక్కలో చెప్పాలంటే మీటరుకు సుమారు 200. ఐఎస్ 800 సూత్రంలో ఈ అంకెలు పెడితే, ఏ పూతా లేని ఆ కాలమ్ 560 డిగ్రీలకు చేరడానికి దాదాపు 15 నిమిషాలు. అంతే. ఐఎస్ఓ 834 అనే అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం వేడి పెంచే పరీక్ష ఫర్నేస్ అప్పటికి 739 డిగ్రీల దగ్గర ఉంటుంది, 60వ నిమిషానికి 945, 120వ నిమిషానికి 1049. మీ పెయింట్ ఆ 15 నిమిషాలను 60కో 120కో లాగాలి.

ఇంకొక్క ప్రశ్న కూడా ఇక్కడే తేల్చుకోండి: మండేది ఏమిటి? ఆఫీసు, మాల్, గోడౌన్ అయితే పైన చెప్పిన ఐఎస్ఓ 834 వక్రరేఖ, అంటే టైముతోపాటు వేడి పెరిగే తీరు. రిఫైనరీ, ఎల్పీజీ యార్డు అయితే అమెరికా ప్రమాణం యూఎల్ 1709 లాంటి హైడ్రోకార్బన్ (పెట్రోలియం మంటల) వక్రరేఖ, అక్కడ ఐదే నిమిషాల్లో 1093 డిగ్రీలు. 1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీలో గ్యాస్ అంటుకున్నప్పుడు ఎంత విధ్వంసం జరిగిందో ఆ తరం వాళ్లకు గుర్తుండే ఉంటుంది. అలాంటి చోట మందంగా వేసే ఎపాక్సీ రకాలు, సిమెంటు రకాలు వాడతారు. ఈ మార్గదర్శిలోని ఫార్ములా అక్కడ పనికిరాదు.

రెండో అడుగు: నానో లేని బేస్ పెయింట్‌ను ముందు సరిగ్గా తయారు చేయండి

బేస్ బాగోకపోతే ఏ నానో దాన్ని బాగుచేయదు. పొంగే పెయింట్‌లో ముగ్గురు ముఖ్యులు. అమోనియం పాలీఫాస్ఫేట్ యాసిడ్ ఇస్తుంది, పెంటాఎరిత్రిటాల్ బొగ్గు ఇస్తుంది, మెలమిన్ గ్యాస్ ఇస్తుంది. వీటితోపాటు టైటానియం డయాక్సైడ్, పొడులన్నింటినీ పట్టి ఉంచే బైండరు.

నీటి ఆధారిత పెయింట్‌కు, నూరు గ్రాముల లెక్కన, మొదలుపెట్టడానికి పనికొచ్చే కొలత ఇదీ: నీళ్లు 21.3, డిస్పర్సెంట్ (పొడి ఉండలు కట్టకుండా చూసేది) 0.6, డీఫోమర్ (కలిపేటప్పుడు వచ్చే నురగను తగ్గించేది) 0.3, రూటైల్ అనే స్ఫటిక రకం టైటానియం డయాక్సైడ్ 7, అమోనియం పాలీఫాస్ఫేట్ 27, పెంటాఎరిత్రిటాల్ 9, మెలమిన్ 9, యాభై శాతం ఘనపదార్థం ఉన్న వినైల్ అసిటేట్ రకం ఎమల్షన్ (ఇదే బైండరు) 24, కోయలెసెంట్ (బైండరు ఒకే పొరగా అతుక్కునేలా చేసేది) 1.2, థిక్‌నర్ 0.4, ప్రిజర్వేటివ్ 0.2. ఇది ఫైనల్ ఫార్ములా కాదు, మీ ముడిసరుకును బట్టి మారుతుంది. కానీ పాలీఫాస్ఫేట్ మాత్రం ఫేజ్ 2 అనే స్ఫటిక రకమే కొనండి, గొలుసు పొడవు వెయ్యి పైన ఉన్నది. చవగ్గా దొరికే ఫేజ్ 1 నీళ్లలో ఎక్కువ కరుగుతుంది, డబ్బాలోనూ స్టీలుమీదా రెండుచోట్లా ఏడిపిస్తుంది.

మంట తగిలితే ఏం జరుగుతుందో వేడి వరసలో గుర్తుపెట్టుకోండి, మూడో అడుగులో పొడి ఎంచుకోవడానికి ఇదే ఆధారం. ముందు బైండరు మెత్తబడుతుంది. 250 నుంచి 300 డిగ్రీల ప్రాంతంలో పాలీఫాస్ఫేట్ అమోనియా వదిలి యాసిడ్‌గా మారి, కరిగిన పెంటాఎరిత్రిటాల్‌తో కలిసి జిగట ముద్ద అవుతుంది. ఆ జిగట సరైన స్థాయిలో ఉన్న సమయానికే మెలమిన్ గ్యాస్ రావాలి. అప్పుడు ముద్ద పొంగి నురుగై, గట్టిపడి బొగ్గు అవుతుంది. ఇక 600 దాటాక ఆ బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌తో కాలిపోవడం మొదలవుతుంది. చివరికి మిగిలేది తెల్లటి పొడి, అందులో ఎక్కువ భాగం టైటానియం పైరోఫాస్ఫేట్. మామూలు పెయింట్ గంట దాటాక ఓడిపోయేది ఈ ఆఖరి దశలోనే. నానోకు నిజంగా పని ఉన్నది కూడా ఇక్కడే.

మూడో అడుగు: జబ్బును బట్టి మందు, అంటే లోపాన్ని బట్టి నానో పొడి

బేస్ పెయింట్ వేసిన ప్లేటును కాల్చి చూడండి. ఎక్కడ ఓడిపోతోంది? పొంగిన నురుగు పెళుసుగా ఉండి ముట్టుకుంటే రాలిపోతోందా, నిలువు ప్లేటు మీద కిందికి జారుతోందా, నిండా చిన్న గదులు ఉండాల్సింది పోయి పూరీలా లోపల ఒకటే పెద్ద బుడగ వస్తోందా, లేక కాల్చకముందే తేమకు పాడవుతోందా? దాన్నిబట్టి పొడి.

నానో క్లే, అంటే మాంట్‌మొరిల్లోనైట్ మట్టి, నా మొదటి ఓటు దీనికే. ఒక్కో పొర మందం ఒక నానోమీటరు, వెడల్పు వందల నానోమీటర్లు. ఈ పొరలు నురుగు గోడల్లో అడ్డంగా పడుకుని ఆక్సిజన్ లోపలికి పోవడాన్ని ఆలస్యం చేస్తాయి, కరిగిన ముద్ద జారకుండా పట్టుకుంటాయి, పైగా చవక. నీటి పెయింట్‌కు సోడియం రకం, సాల్వెంట్ పెయింట్‌కు ఆర్గానోక్లే (పొరలకు సేంద్రియ పూత పట్టించిన మట్టి). ఆర్గానోక్లేలో ఉండే సేంద్రియ పూత 200 డిగ్రీల దగ్గరే విడిపోవడం మొదలవుతుందని మరిచిపోవద్దు. ఇక్కడ ఒక పక్కమాట. క్లే గురించి చదివేటప్పుడు 1990ల చివర్లో అమెరికా ప్రభుత్వ ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీలో నైలాన్ 6 మీద చేసిన పని ప్రతిచోటా కనబడుతుంది. ఐదు శాతం క్లేతో వేడి విడుదల గరిష్ఠ స్థాయి 63 శాతం తగ్గిందని. నిజమే, కానీ అది ప్లాస్టిక్ ఎంత జోరుగా మండుతుందన్న కొలత. మీకు కావలసింది వెనక ఉన్న స్టీలు ఎంత ఆలస్యంగా వేడెక్కుతుందన్నది. ఆ 63ను తీసుకొచ్చి బ్రోచర్లో పెట్టేవాళ్లను నమ్మకండి.

నానో సిలికా తేమ సమస్యకూ, నురుగు పైన గట్టి గాజు లాంటి పొర కావాలన్నా బాగుంటుంది. తేమ కోసమైతే హైడ్రోఫోబిక్, అంటే నీటిని అంటనివ్వని గ్రేడు తీసుకోండి. నీళ్లలో కలిపి అమ్మే కొల్లాయిడల్ సిలికా సులువుగా కనిపిస్తుంది గానీ, అది సాధారణంగా పీహెచ్ 9, 10 దగ్గర స్థిరంగా ఉండేలా తయారవుతుంది. పాలీఫాస్ఫేట్ నుంచి వచ్చే లవణాలు తగలగానే పెరుగులా గడ్డకట్టే ప్రమాదం ఉంది. ముందు చిన్న గాజు సీసాలో కలిపి రాత్రంతా ఉంచి చూడండి.

ఎల్‌డీహెచ్, పొరల హైడ్రాక్సైడ్, పొడులన్నింట్లో తెలివైనది అనిపిస్తుంది నాకు. వేడికి నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ వదులుతూ చల్లబరుస్తుంది, యాసిడ్‌కూ పెంటాఎరిత్రిటాల్‌కూ జరిగే చర్యకు తోడ్పడుతుంది, చివర్లో ఆక్సైడుగా మారి నురుగు గోడల్లో మిగులుతుంది. చైనాలోని షెన్‌యాంగ్ పరిశోధకులు 2000ల మధ్యలోనే ఫైర్ పెయింట్లలో దీన్ని వాడి ఫలితాలు ప్రచురించారు.

కార్బన్ నానోట్యూబులు, గ్రాఫీన్ పేరు చెప్పగానే అందరికీ ఉత్సాహం వస్తుంది. నురుగుకు బలం ఇస్తాయి, కాదనను. కానీ వేడిని బాగా ప్రసరింపజేస్తాయి, కాబట్టి డోసు కాస్త పెరిగినా మనం కట్టిన గోడకు మనమే కన్నం పెట్టినట్టు. ఖరీదు ఎక్కువ, విడదీయడం కష్టం, పెయింట్ బూడిద రంగుకు తిరుగుతుంది. మొదటిసారి చేసేవాళ్లు వీటి జోలికి పోకపోవడమే మంచిది. వేడికి వ్యాకోచించే ఎక్స్‌పాండబుల్ గ్రాఫైట్‌ను "నానో గ్రాఫైట్" అని అంటగట్టేవాళ్లూ ఉన్నారు. దాని రేకులు వందల మైక్రాన్లు ఉంటాయి, మంచి సరుకే, కానీ నానో కాదు.

నానో టైటానియం డయాక్సైడ్ అయితే రూటైల్ రకమే. అనటేస్ అనే రెండో స్ఫటిక రకం ఎండలో బైండరును తినేస్తుంది. నానో జింక్ ఆక్సైడ్, నానో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ నీటి పెయింట్‌లో జాగ్రత్త: రెండూ క్షార గుణం ఉన్నవి, పాలీఫాస్ఫేట్‌తో డబ్బాలోనే చర్య మొదలవుతుంది. మూత తీయగానే అమోనియా ఘాటు కొట్టిందంటే, పెయింట్ చిక్కబడి గరిటె దిగడం లేదంటే కారణం అదే.

నాలుగో అడుగు: డోసు

శాతాన్ని తడి పెయింట్ మీద లెక్కిస్తే అందరూ గందరగోళపడతారు, ఎండిన పూత మీద లెక్క కట్టండి. పై ఫార్ములాలో నూరు గ్రాములకు ఎండాక మిగిలేది సుమారు 65 గ్రాములు, కాబట్టి ఒక శాతం అంటే 0.65 గ్రాములు. క్లే, సిలికా, ఎల్‌డీహెచ్‌లకు 0.5, 1, 2, 3 శాతాలతో నాలుగు బ్యాచ్‌లు వేయండి. కార్బన్ రకాలకు 0.1 నుంచి 0.5 మధ్యే.

ఎక్కువేస్తే ఇంకా మంచిది కదా అనిపిస్తుంది. కాదు. కరిగిన ముద్ద మరీ జిగటగా మారితే మెలమిన్ గ్యాస్ దాన్ని పొంగించలేక పగుళ్ల గుండా బయటికి పోతుంది. నురుగు పొట్టిగా, గట్టిగా, పగుళ్లతో మిగులుతుంది, వెనక స్టీలు తొందరగా వేడెక్కుతుంది. అందుకే ఈ గ్రాఫు దాదాపు ఎప్పుడూ ఎక్కి దిగుతుంది, ఆ శిఖరం ఎక్కడుందో పట్టుకోవడమే మీ పని.

ఐదో అడుగు: కలిపే వరస

ముందు ఒంటిమీద శ్రద్ధ. నానో పొడి డబ్బాను ఫ్యాన్ కింద తెరవద్దు. ఫ్యూమ్ హుడ్ లోపల తూచండి, పీ100 స్థాయి (అతి సన్నటి ధూళిని ఆపే) మాస్కు, చేతులకు నైట్రైల్ గ్లోవ్స్. కార్బన్ నానోట్యూబులకు అమెరికాలో కార్మికుల ఆరోగ్య భద్రత చూసే సంస్థ నియోష్ 2013లో సూచించిన పరిమితి ఘనమీటరు గాలిలో ఒక మైక్రోగ్రామే, దాన్నిబట్టి ఊహించుకోండి. వీలైతే పొడి కాకుండా ముందే ద్రవంలో కలిపిన పేస్టు కొనండి.

ఫ్యూమ్డ్ సిలికా ఒక్క గ్రాము ఉపరితలం 200 చదరపు మీటర్లు ఉంటుంది. అంత ఉపరితలాన్ని తడపాలంటే డిస్పర్సెంట్ చాలదు, మామూలు స్టిర్రర్ అసలు చాలదు. ఉండలు కట్టిన నానో పొడి మామూలు పొడే, మీరు పెట్టిన అదనపు డబ్బు మొత్తం నీళ్లపాలు.

నీటిలో సగం, డిస్పర్సెంట్, డీఫోమర్ తీసుకుని అందులోకి నానో పొడిని కొద్దికొద్దిగా జల్లుతూ హైస్పీడ్ డిస్పర్సర్‌లో తిప్పండి, బ్లేడు అంచు వేగం సెకనుకు 20 మీటర్ల దగ్గర. ఆపై బీడ్ మిల్లు ఉంటే బీడ్ మిల్లు, ల్యాబ్ బ్యాచ్ అయితే ప్రోబ్ అల్ట్రాసోనికేటర్. చుట్టూ ఐసు పెట్టి, ఆపి ఆపి నడపండి, లేకపోతే వేడెక్కిపోతుంది. క్లే అయితే ముందురోజే నీళ్లలో నానబెడితే పొరలు చక్కగా విడతాయి. ఈ పేస్టును హెగ్‌మన్ గేజ్ (పెయింట్‌లో గింజల సైజు చూసే గాడి ఉన్న పలక) మీద గీసినప్పుడు గింజలు కనిపించకూడదు. గేజ్ నానో సైజును చూపించలేదు, ఉండలు ఉంటే మాత్రం చూపిస్తుంది.

ఆ తర్వాత మిగతా నీళ్లు, టైటానియం డయాక్సైడ్, మెలమిన్, పెంటాఎరిత్రిటాల్. పాలీఫాస్ఫేట్ అన్నింటికంటే ఆఖరి పొడి, తక్కువ వేగంతో. ఈ వరస ముఖ్యం, ఎందుకంటే చాలామంది అన్నీ కలిపి ఒకేసారి మిల్లులో వేస్తారు. అలా చేస్తే పాలీఫాస్ఫేట్ గింజలు పగిలి నీళ్లలో కరగడం పెరుగుతుంది, పూతకు తేమ తట్టుకునే గుణం పోతుంది. వేడి 50 డిగ్రీలు దాటనివ్వకండి. చివర్లో ఎమల్షన్, కోయలెసెంట్, ప్రిజర్వేటివ్, ఆపై థిక్‌నర్. నానో పొడి తనంతట తానే చిక్కదనం పెంచుతుంది కాబట్టి థిక్‌నర్ మొత్తం ఒకేసారి పోయకండి.

ఆరో అడుగు: ల్యాబ్‌లో కాల్చి చూడటం

వంద మిల్లీమీటర్ల చదరపు, ఐదు మిల్లీమీటర్ల మందం మైల్డ్ స్టీలు ప్లేట్లు, వెనక వేడిని కొలిచే కె టైప్ థర్మోకపుల్, దాని మీద సిరామిక్ ఉన్ని. ఎండిన పూత మందం అన్నింటికీ ఒకటే, ఒక మిల్లీమీటరు అనుకుందాం. మందంలో పది శాతం తేడా ఉన్నా ఫలితానికి అర్థం లేదు. నానో వల్ల వచ్చిందనుకున్న మెరుగుదల ఎక్కువసార్లు మందం తేడానే. ఒక్కో ఫార్ములాకు కనీసం మూడు ప్లేట్లు.

పోల్చడానికి ఏవి పెట్టాలన్నది అసలు ప్రశ్న. పూత లేని ప్లేటు, నానో లేని పెయింట్, నానో పెయింట్, ఈ మూడూ అందరూ పెడతారు. నాలుగోది ఎవరూ పెట్టరు: అదే శాతంలో అదే పదార్థపు మామూలు పొడి, మైక్రాన్ల సైజుది. మామూలు మట్టి కూడా అదే ఫలితం ఇస్తే నానో క్లే కొనడం ఎందుకు?

గ్యాస్ బర్నర్ దూరం, గ్యాస్ ప్రవాహం ప్రతి ప్లేటుకూ ఒకటే ఉండాలి. మఫిల్ ఫర్నేస్ ఉంటే ఇంకా మంచిది. వెనక వేడి 300కు ఎప్పుడు, 500కు ఎప్పుడు చేరిందో రాసుకోండి, గ్రాఫు గీయండి. మొదట నిటారుగా ఎక్కి, పొంగుతున్నప్పుడు కాస్త సమంగా సాగి, తర్వాత మెల్లగా ఎక్కుతుంది. నానో మంచిదైతే మూడో భాగం వాలు తగ్గాలి. మొదటి భాగమే నిటారుగా మారిందంటే పొంగడం ఆలస్యమవుతోంది, డోసు తగ్గించండి.

నురుగు ఎత్తు కొలవండి, కానీ దాన్నిబట్టి విజేతను ప్రకటించకండి. ఎత్తయిన నురుగును కోసి చూస్తే లోపల పెద్ద పెద్ద ఖాళీలు ఉండొచ్చు. ఆ ఖాళీల్లో వేడి రేడియేషన్‌గా దాటిపోతుంది. చిన్న గదులతో తక్కువ ఎత్తు ఉన్నదే గెలిచిన సందర్భాలు చాలా ఉంటాయి. ఇంకా, కొన్ని ప్లేట్లను నిలువుగా పెట్టి కాల్చండి. అడ్డంగా పెట్టినప్పుడు అద్భుతంగా ఉన్న నురుగు నిలువుగా పెడితే మొత్తంగా ఊడి కింద పడొచ్చు, కాలమ్ నిలబడేది నిలువుగానే కదా.

ఏడో అడుగు: తేమ పరీక్ష

కాకినాడ, విశాఖ లాంటి చోట ఉండే షెడ్డుకు ఇది తప్పనిసరి. ప్లేట్లను తేమ గదిలో ఉంచి, తర్వాత కాల్చి, తాజా ప్లేటుతో పోల్చండి. పూత మీద తెల్లటి ఉప్పు పేరుకుంటే పాలీఫాస్ఫేట్ బయటికి వస్తోందని అర్థం. యూరప్ విధానంలో ఎండావానలకు ఎక్స్, సగం బయట ఉండేవాటికి వై, తేమ ఎక్కువున్న లోపలి భాగాలకు జెడ్1, పొడిగా ఉండే లోపలి భాగాలకు జెడ్2 అని తరగతులు ఉన్నాయి. నీటి ఆధారిత పెయింట్లు ఎక్కువగా జెడ్2లోనే ఆగిపోతాయి. హైడ్రోఫోబిక్ సిలికా ఇక్కడ నిజంగా సాయం చేస్తుంది, టాప్‌కోట్ (అన్నింటికంటే పైన వేసే రక్షణ పూత) అవసరాన్ని మాత్రం తీసేయదు.

ఎనిమిదో అడుగు: అసలు ఫర్నేస్, సర్టిఫికెట్

చిన్న ప్లేటు ఫలితం చూపించి "60 నిమిషాలు" అని అమ్మకూడదు. రేటింగ్ రావాలంటే భారం మోపిన బీమ్‌లు, వేర్వేరు సైజుల కాలమ్‌లు పెద్ద ఫర్నేస్‌లో కాలాలి. పరీక్ష ప్రమాణాలు ఐఎస్ 3809 (భారత్), బీఎస్ 476 (బ్రిటన్), ఈఎన్ 13381-8 (యూరప్), యూఎల్ 263 (అమెరికా), కొనేవాళ్లు ఏది అడిగితే అది. మన దేశంలో రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ సీబీఆర్ఐకి అగ్ని పరిశోధన విభాగం ఉంది. ఆ ఫలితాలనుంచే సెక్షన్ సైజు, పరిమితి ఉష్ణోగ్రత, మందం ఉన్న పట్టిక తయారవుతుంది.

ఇక్కడే నానో వాళ్లు ఎక్కువగా జారిపడతారు. పాత ఫార్ములాకు సర్టిఫికెట్ ఉంది, దానికి ఒక శాతం క్లే కలిపారు, ఇప్పుడు అది వేరే పెయింట్. పాత కాగితం చెల్లదు. అందుకని సైట్‌లో డబ్బాలో నానో పొడి కలిపి తిప్పే పని ఎవరు చెప్పినా చేయకండి, చేయనివ్వకండి.

తొమ్మిదో అడుగు: సైట్‌లో

తుప్పు, పొట్టు దాదాపు పూర్తిగా పోయే ఎస్ఏ 2½ స్థాయి వరకు బ్లాస్టింగ్, పట్టికలో ఒప్పుకున్న ప్రైమరు, అదీ చెప్పిన మందంలోనే. కాంట్రాక్టర్ దగ్గర మిగిలిపోయిన ఆల్కిడ్ రెడాక్సైడ్ ప్రైమరు వేసి దాని మీద కొట్టేస్తే, మంటలో ప్రైమరు ముందే మెత్తబడి పైన ఉన్న నానో నురుగంతా జారిపోతుంది. స్టీలు వేడి డ్యూ పాయింట్ (గాలిలోని తేమ నీటి చుక్కలయ్యే ఉష్ణోగ్రత) కంటే కనీసం మూడు డిగ్రీలు ఎక్కువ ఉండాలి, గాలిలో తేమ 80, 85 శాతం దాటితే పని ఆపేయాలి.

మందం లెక్క: ఎండాక 1000 మైక్రాన్లు కావాలి, పెయింట్ ఘనపరిమాణంలో ఎండాక మిగిలేది 70 శాతం అయితే తడిగా 1430 మైక్రాన్లు వేయాలి, అంటే చదరపు మీటరుకు 1.43 లీటర్లు, స్ప్రే వృథా అదనం. దీన్ని ఒకే కోటులో కొట్టకండి, రెండు మూడు కోట్లుగా, మధ్యలో ఎండనిచ్చి. ప్రైమరు మందాన్ని ముందే కొలిచి పెట్టుకుని, చివరి రీడింగుల్లోంచి తీసేయండి. సగటు చెప్పిన మందానికి తగ్గకూడదు. ఎక్కడైనా రీడింగు 80 శాతం కంటే తక్కువ వస్తే దాని చుట్టూ మళ్లీ కొలిచి, నిజంగానే పలచగా ఉంటే టాప్‌కోట్ వేయకముందే నింపాలి. వేశాక నింపాలంటే ఆ టాప్‌కోట్‌ను గీకాలి, ఆ పని ఎవరూ సరిగ్గా చేయరు. టాప్‌కోట్ కూడా పెయింట్ కంపెనీ చెప్పిన మందం దాటకూడదు. మెరుపు కోసం మందంగా పట్టిస్తే కింద ఉన్నది పొంగలేక ఆగిపోతుంది.